పాట ఎత్తేది ఆ అవ్వే

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. నలభై దాటేదాకా నాకు అక్షరాలు తెలియవు. మా అమ్మ వరినాట్ల కూలి. బడి తెరిచే రోజులూ, కాలువకు నీళ్లు వదిలే రోజులూ దగ్గర దగ్గరగా వచ్చేవి. ఆ రోజుల్లో నేను అమ్మ వెంట మడిలోనే ఉండేదాన్ని. ఆదివారం చర్చిలో అందరితో పాటు పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని గానీ ఏ పేజీ తెరిచానో తెలిసేది కాదు. ఒకసారి పక్కన కూర్చున్న ఆమె నా చేతిలో తలకిందులుగా ఉన్న పుస్తకాన్ని సరిగా తిప్పి పెట్టింది. పాట మాత్రం నేను ఒక్క మాట కూడా తప్పలేదు.

అక్షరాలు వచ్చాక కూడా ఇది రాయలేదు. దానికి కారణం మా ఆఫీసు గుమాస్తా. ఆయన బతికి ఉన్నంతకాలం ఈ విషయం బయటికి చెప్పనని ఆయనకు మాట ఇచ్చాను. ఆయన రిటైరై గుంటూరు వైపు తన సొంత ఊరికి వెళ్లిపోయారు. పోయిన ఏడాది కాలం చేశారని వాళ్ల అమ్మాయి కార్డు రాసింది. ఆ కార్డు నేనే చదువుకున్నాను. చదివించుకోవడానికి పక్కింటికి పోలేదు.

డెబ్బైల నడుమ నంద్యాలలో ఒక విత్తనాల అంగడి పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. జానపద పాటలూ ఆటలూ ఏ ఊళ్లో ఏవి ఉన్నాయో, వాటిలో ఏవి ఇంకా బతికి ఉన్నాయో కనుక్కుని హైదరాబాదుకు రాసి పంపడం ఆ ఆఫీసు పని. అక్కడ ముగ్గురమే. ఊళ్లు తిరిగి అంచనా వేసే మేడం, ఆమె తెచ్చిన వివరాలు ఫారాల్లో నింపే గుమాస్తా, ఊడ్చి నీళ్లు పట్టే నేను. నా భర్త బియ్యం మిల్లులో మూటలు మోసేవాడు. ఆ మిల్లులో ఎవరో చెబితే నాకు ఈ పని దొరికింది.

చేరిన నెలలోనే ఒకరోజు మేడం దిగాలుగా గుమాస్తాతో అంటోంది.

"ఏ ఊరికి వెళ్లినా ఆడవాళ్లు అదే మాట. మాకేం పాటలు రావంటారు. ఏం రాసుకోను?"

"రావు అని రాసుకోండి మేడం. వాళ్లే చెబుతుంటే మనకెందుకు?" అన్నారు గుమాస్తా.

నేల తుడుస్తూ నేను ఊరుకోలేకపోయాను. "రాదంటే వచ్చని, మేడం."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను చెప్పాను. మా వైపు పెద్ద వయసు ఆడది ఎవరూ తనకు పాట వచ్చని తన నోటితో చెప్పదు. అడిగిన వెంటనే పాడితే పనీపాటా లేనిదంటారు. మూడుసార్లు అడగాలి. మూడోసారి కుర్చీ మీద నుంచి అడగకూడదు, కింద కూర్చుని, ఆమె చేతిలో ఉన్న పనిలో ఒక చెయ్యి వేసి అడగాలి.

"నువ్వు వస్తావా నాతో?" అంది మేడం.

అట్లా నేను చీపురు పక్కన పెట్టి బస్సెక్కాను. కోయిలకుంట్ల, బనగానపల్లె, ఆళ్లగడ్డ చుట్టూ పల్లెలన్నీ తిరిగాం. మేడం దగ్గర పెద్ద పట్టిక ఉండేది. పాట ఎంతమందికి వచ్చు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇంకా పాడుతున్నారా, మానేశారా అని గళ్లు. నాకు ఆ గళ్లు తెలియవు. నాకు తెలిసింది ఒకటే, పాడేటప్పుడు చేతులు చూడటం. తిరగలి విసిరే పాట నిజంగా విసురుతూ నేర్చుకున్నదైతే పాడే మనిషి కుడిచెయ్యి ఒళ్లోనే గుండ్రంగా తిరుగుతుంది. నాటు పాటైతే వేళ్లు మూడూ దగ్గరికొచ్చి కిందికి దిగుతాయి. చేతులు కదలలేదంటే ఆ పాట ఎక్కడో విని మా కోసం పాడుతున్నదే. మొదట్లో మేడం నవ్వింది. ఒకసారి ఒక ఊళ్లో చెక్కభజన వాళ్లు కొత్త పంచెలు కట్టి, వరసగా నిలబడి బ్రహ్మాండంగా ఆడారు. మేడం మంచి మార్కులు వేయబోతుంటే నేను చెవిలో చెప్పాను, "కాళ్లు సూడు మేడం, ఒకరి కాళ్లు ఒకరు సూసుకుంటాండారు." తర్వాత విచారిస్తే, మేం వస్తున్నామని తెలిసి నెలరోజుల కిందటే పక్క ఊరి మనిషిని పిలిపించి నేర్చుకున్నారట. మేడం వాళ్లను తిట్టలేదు. "మన కోసమైనా నేర్చుకున్నారు కదా" అని, పట్టికలో మాత్రం ఉన్నదున్నట్టు రాసింది. ఆ రోజు నుంచి ఏ ఊరు వెళ్లినా ముందు నా ముఖం చూసేది.

రాసుకోవడం రాదు కాబట్టి నేను మిల్లులో సంచులు కుట్టే పురికొస తీసుకుని ముడులు వేసేదాన్ని. ఊరికొక పోగు. పాటకొక ముడి. మొదలుపెట్టి నడిపించే మనిషికి జంట ముడి. ఆఫీసుకొచ్చి ఆ పోగు పట్టుకుని ముడి వెంట ముడి చెబుతూ పోతే గుమాస్తా రాసేవారు. "నీ జడ విప్పు, వింటాను" అని ఎగతాళి చేసేవారు గానీ, రాయడంలో ఏనాడూ బద్ధకించలేదు. చివర నా బొటనవేలికి సిరా పూసి ఫారం మీద అద్దేవారు. చిన్నప్పుడు కొడవలి తగిలి ఆ వేలి మీద అడ్డంగా ఒక గాటు పడింది. నా ముద్రలో ఒక తెల్లగీత ఉంటుంది.

ఒక ఏడాది మేడంకు కామెర్లు వచ్చాయి. ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె మిగిలిపోయింది. నువ్వే వెళ్లిరా అంది. ఒక్కదాన్నే వెళ్లడం అదే మొదలు. ఆళ్లగడ్డలో బస్సు దిగి, రాళ్లు చెక్కే వాళ్ల ఉలుల చప్పుడు దాటుకుని నడిచి వెళ్లాను. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా ఒక్క ముసలామె వైపే చూపించారు. ఆమె అరుగు మీద శనగలు ఏరుతోంది. నేనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.

"ఎవురు మే నువ్వు? యాడ్నించి?"

"నంద్యాల నుంచి అవ్వా. పాటలు వినేదానికి వచ్చినా."

"నాకేం పాటలొస్తాయి? పోయి రేడియోలో వినుపో."

రెండోసారి అడిగాను. తిట్టింది. మూడోసారి అడగకముందే ఆమె వేళ్లు మూడూ దగ్గరికొచ్చాయి. చాటలో శనగల మధ్య నాటు వేస్తున్నట్టు కదిలాయి.

"నీళ్లొచ్చె నీళ్లొచ్చె నల్లరేగడికీ
నీడెప్పుడొస్తాదే నడుమొంగిన దానికీ"

 అంత పెద్ద నాటు పాట నేను ఎక్కడా వినలేదు. పొద్దున మడిలో దిగితే సద్దిమూట విప్పేదాకా సరిపోతుందట. ఊళ్లో మిగతా ఆడవాళ్లందరికీ వంత పాడటమే తెలుసు. మొదలుపెట్టి చరణం తర్వాత చరణం అందించేది ఈమె ఒక్కతే. వాళ్ల అత్త నేర్పిందట. ఈమె కోడలికి పాట మీద మనసు లేదు.

లేచేటప్పుడు చెప్పాను, "అవ్వా, హైదరాబాదు నుంచి టేపు మిషను వస్తాది. నీ పాట అంతా పడతాం."

"నేను పోయినాంక కూడా పాడతాదా అది?"

"పాడతాది."

"అయితే బేగా రమ్మను" అంది. నవ్వుతూ అనలేదు.

మర్నాడు ఆఫీసులో జంట ముడి పట్టుకుని గుమాస్తాకు చెప్పాను, "ఆ ఊర్లో పాట ఎత్తేది ఆ అవ్వే." ఆయన రాశారు. నేను వేలు ముందుకు చాపాను.

ఆ ఏడాది మిషను వచ్చింది. ఏయే ఊళ్లకు వెళ్లాలో హైదరాబాదు నుంచి జాబితా వచ్చింది. ఆ ఊరి పేరు లేదు. మేడంను అడిగాను. ఆమె కామెర్లతో సెలవులో ఉండగానే ఆ ఫారం పైకి వెళ్లిపోయింది, పైవాళ్లు ఏం చూశారో అంది. పెద్దవాళ్లు చదువుకుని తీసుకున్న నిర్ణయం అనుకున్నాను. నేను చూసిన వేళ్ల కంటే వాళ్లు చూసిన కాగితమే గొప్పదనుకున్నాను. ఆళ్లగడ్డ వైపు బస్సెక్కాల్సి వస్తే ఆ పల్లె దారి వచ్చినప్పుడు అటు చూసేదాన్ని కాదు.

ఎనభైల మొదట్లో గుమాస్తా నాకు అక్షరాలు నేర్పారు. ఎందుకు మొదలుపెట్టారో ఆయనే చెప్పారు. "నీ జడలు విప్పలేక నా ప్రాణం పోతోంది. రాసి ఇవ్వు, కాపీ కొట్టుకుంటాను." మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పాత ఫారాల వెనక వైపు ఆయన ఒక వరస రాసిచ్చేవారు. నేను కింద దిద్దేదాన్ని. నాకు 'ళ' రాలేదు. ఎంత తిప్పినా పాము చుట్ట అయ్యేది. "ఆళ్లగడ్డలో తిరిగి తిరిగి 'ళ' రాదంటావేంటమ్మా, ఆ ఊరి పేరులోనే ఉంది కదా" అనేవారు. దిద్దడం అయ్యాక చదవడానికి పాత ఫారాల కట్ట ఇచ్చేవారు. "నువ్వు చెప్పినవే. తెలిసిన మాటలైతే త్వరగా చదువుతావు."

ఒకరోజు ఆయన బజారుకు వెళ్లారు. నేను ఒక్కదాన్నే కట్ట విప్పి ఒక్కో ఫారం కూడబలుక్కుంటూ చదువుతున్నాను. ఒక ఫారం కింద తెల్లగీత ఉన్న వేలిముద్ర. పైన ఊరి పేరు చదివాను. ఆ అవ్వ ఊరే. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను.

"ఈ గ్రామమున పాట ఎత్తివేసినది ఆ అవ్వయే."

మళ్లీ చదివాను. పక్క గడిలో 'ప్రస్తుతం లేదు' అని ఉంది. నేను ఎత్తేది అన్నాను. మా వైపు పాట ఎత్తడమంటే మొదలుపెట్టడం. ఆయన కోస్తా మనిషి. నా మాటను పుస్తకాల భాషలోకి తిప్పినప్పుడు ఎత్తేది పోయి ఎత్తివేసినది వచ్చింది. ఊరి పాటను బతికిస్తున్న మనిషే ఆ ఊళ్లో పాట మాన్పించినట్టు కాగితం మీద ఉంది. దాని కింద, అవును నిజమే అని, నా వేలు.

గుమాస్తా వచ్చేసరికి ఫారం ఆయన బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"ఇదేంది సార్?"

చదివారు. మొదట ఆయనకు తప్పు కనిపించలేదు. "నువ్వు చెప్పిందే కదా?"

"నేను ఎత్తేది అన్నా. ఎత్తేసింది అనలే. ఎత్తేదంటే ముందు పాడేది సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.  తర్వాత మెల్లగా అన్నారు, "మా వైపు ఎత్తడమంటే... ఛ. ఒక్కసారి నిన్ను అడిగి ఉంటే సరిపోయేది." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "నా ప్రమోషన్ కాగితాలు వెళ్లి ఉన్నాయమ్మా. ఇప్పుడు ఇది బయటపడితే..." అని మాట మింగేశారు.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ కాగితాన్ని చదవగలిగేలా చేసిందీ ఆయనే. ఇన్నేళ్లుగా నా ముడులు రోజూ ఓపికగా విన్న మనిషి. నాకు కావలసింది ఆయన తల వంచుకోవడం కాదు. ఆ అవ్వ ఇంకా ఉందా, పాడగలదా, అదొక్కటే.

మిషను అప్పటికి నంద్యాలలోనే ఉంది. రెండో విడత రికార్డింగులకు వచ్చింది. మర్నాడు సాయంత్రం రైల్లో తిరిగి వెళ్లిపోతుంది. మళ్లీ వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు.

"ఫారం మీద సాక్షి నువ్వు. మార్చాలంటే సాక్షి రాసివ్వాలి" అన్నారు గుమాస్తా. "నేను రాస్తాను, నువ్వు వేలు పెట్టు."

"వద్దు సార్. నేనే రాస్తా."

అదే నా మొదటి ఉత్తరం. మూడు కాగితాలు పాడుచేసి నాలుగోదాని మీద రాశాను. 'మేడం గారికి. ఆ ఊళ్లో పాట ఎత్తేది ఆ అవ్వే. అంటే ముందు పాడేది. పాట పోలేదు. నేను మాట సరిగా చెప్పలేదు.' కింద వేలు అద్దలేదు, పేరు రాశాను. చివరి వాక్యం చదివి గుమాస్తా నా వైపు చూశారు. "ఈ సంగతి మీరున్నన్నాళ్లూ నా నోట రాదు సార్" అన్నాను.

మేడం ఉత్తరం రెండుసార్లు చదివింది. "నువ్వు మాట సరిగా చెప్పకపోవడం నేనెప్పుడూ చూడలేదే" అంది. గుమాస్తా కిటికీలోంచి బజారు చూస్తున్నారు.  "రేపు పొద్దున్నే జీపు చెప్పండి" అంది ఆయనతో.

 సిరివెళ్ల దాటాక ప్రార్థన చేసుకున్నాను. ఊరు చేరేసరికి అవ్వ అదే అరుగు మీద ఉంది. ముందు పళ్లు లేవు. చెవులు బాగా మందగించాయి. నన్ను మాత్రం గుర్తుపట్టింది.

"మూడు నాట్లు దాటిపాయ. మీ మిషను ఎద్దులబండి మింద వచ్చెనా యేంది?"

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. ఒకామె నాతో అంది, "ఊరంతా ఈయమ్మను మిషనవ్వా, మిషనవ్వా అంటాండారక్కా. ఎవురొచ్చినా మిషనొచ్చెనా అని అడుగుతాంటాది."

"తప్పు మాదే అవ్వా" అని చెవి దగ్గర గట్టిగా అరిచాను.

"తప్పు ఎవురిదైతే ఏంలే. మిషను యాడ పెడతారో పెట్టండి."

మిషనుతో వచ్చిన హైదరాబాదు అతను అరుగు మీద మైకు పెట్టాడు. ఆమె కాళ్లు చాపుకుని, మైకు వైపు బెదురుగా చూస్తూ మొదలుపెట్టింది. రెండు చరణాలు నడిచాయి. మూడో చరణం సగంలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తింది. మళ్లీ అక్కడే ఆగింది.

"పోయింది మే" అంది.  "ఉన్నిందే. మొన్న గూడా ఉన్నింది."

మేడం నా వైపు చూసింది. నేను అవ్వ చేతులు చూశాను. రెండు చేతులూ మోకాళ్లను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఫోటో తీసేటప్పుడు పెట్టుకున్నట్టు.

ఇంటి వెనక తొట్టి నీళ్లు పారి బురదైన చోటు ఉంది. అక్కడ పెరిగిన గడ్డి గుప్పెడు పీకాను. కట్ట కట్టి అవ్వ ఎడమచేతిలో పెట్టాను.

"లెయ్ అవ్వా. నాటుదాం పా."

"ఈ వయసులోనా?" అంది గానీ లేచింది. చీర ఎగదోపుకుంది. బురదలో పాదం పెట్టగానే ఆమె నడుము దానంతట అదే వంగింది. మూడు వేళ్లు గడ్డిపోచ పట్టి బురదలోకి దిగాయి. నేను పక్కన వంగాను. ఊరి ఆడవాళ్లు నలుగురు, పకపకా నవ్వుతూనే, వచ్చి వరసలో కలిశారు. అవ్వ వెనక్కు ఒక అడుగు వేసింది, ఎత్తింది. ఆగిన చోటు ఎప్పుడు దాటిపోయిందో మాకు తెలియలేదు. మైకు పట్టుకున్నతను చెప్పులు విడిచి మా వెంట బురదలోకి వచ్చాడు.

రెండు టేపులు అయిపోయాయి. మూడోదాని మధ్యలో మిషను బ్యాటరీ దిగిపోయింది. అక్కడ కరెంటు లేదు. రైలుకు వేళవుతోంది.

"ఇంకా ఎంత ఉందవ్వా?" అని మేడం అడిగింది.

"సగం గూడా కాలే. ఇంగా సద్దిమూట కాడికే రాలే."

మేడం ముఖం చిన్నబోయింది. మిషను సర్దుతుంటే అవ్వ నా కొంగు లాగింది.

"రేపు రా మే. మిగిలింది చెప్తా."

"రేపు మిషను ఉండదవ్వా."

"మిషనెందుకు? మీ మేడం చెప్పింది, నీకు రాత వచ్చెనంట గదా."

ఆ సాయంత్రం గుమాస్తా ఒక లావుపాటి గీతల నోటుబుక్కు నా చేతిలో పెట్టారు.  మొదటి పేజీ మీద పైన, ఆయన అందమైన చేతిరాతతో 'ళ' ఒక్కటి పెద్దగా రాసి ఉంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్లాను. అవ్వ అప్పటికే బురదలో నిలబడి ఉంది, చేతిలో గడ్డికట్టతో. నేను గట్టు మీద రాయి మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాను. ఆమె ఒక చరణం పాడి, వంగినది వంగినట్టే ఉండి నా కోసం ఆగేది. నా అక్షరాలు మెల్లగా నడిచేవి.

"అయ్యెనా?"

"ఆగవ్వా. 'ళ' కాడ ఉండా."

"ఆ ళ ఏదో బేగా నాటు మే, నడుము పడిపోతాంది" అంది.

నేను నాటాను. "ఎత్తవ్వా" అన్నాను.